కొత్త బండా, పాత బండా? ముందు మన మనసును అడుగుదాం

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం వెళ్ళిపోతున్నారు. మస్జిదు వరండాలో ఒక సోదరుడు ఆగి ఈ ప్రశ్న అడిగారు:

"హజ్రత్! తండ్రిగారు వదిలివెళ్ళిన ప్లాటు అమ్మాం. 36 లక్షలు వచ్చాయి. అమ్మీకి మోకాళ్ళ నొప్పి. చిన్న కారులోకి వంగి ఎక్కలేకపోతోంది. ఎత్తుగా ఉండే మంచి ఎస్.యు.వి. తీసుకుందామనుకుంటున్నాను. కొత్తదైతే మిగతా 40 లక్షలు ఫైనాన్స్ చేయాలి. మూడు నాలుగేళ్ళు వాడినదైతే చేతిలో ఉన్న డబ్బుతోనే వస్తుంది. కొత్తది తీసుకుంటే దుబారా అవుతుందా? పాతది తీసుకుంటే నలుగురిలో చులకన అవుతానా? మీరేమంటారు?"

ఆయన మనసులో ఉన్నది బి.ఎం.డబ్ల్యూ. ఎక్స్3, మెర్సిడెస్ జి.ఎల్.సి., ఆడి క్యూ5, వోల్వో ఎక్స్.సి.60 తరగతికి చెందిన బండి. వీటిలో ఏది కొత్తగా కొన్నా అరవై లక్షలకు పైమాటే. ఇలాంటి ప్రశ్న ఈ రోజుల్లో చాలా ఇళ్ళల్లో వినిపిస్తోంది. బండి మారవచ్చు, ధర మారవచ్చు. కొందరికి అది లక్ష రూపాయల మోటారు సైకిలు కావచ్చు. ప్రశ్న మాత్రం ఒక్కటే. అందుకే దాన్ని ధర్మం వెలుగులో కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

సౌఖ్యం నిషిద్ధం కాదు

మంచి వాహనం కోరుకోవడమే పాపమని కొందరు అనుకుంటారు. ఇది సరికాదు. అన్నహ్ల్ సూరాలో (16:8) అల్లాహ్ గుర్రాలను, కంచరగాడిదలను, గాడిదలను ప్రస్తావిస్తూ, అవి స్వారీకే కాక శోభ కోసం కూడా సృష్టించబడ్డాయని తెలియజేశాడు. ఆ వెంటనే, మానవులు ఎరుగని వాటిని కూడా ఆయన సృష్టిస్తాడని సెలవిచ్చాడు. అల్లాహ్ తన దాసుల కోసం కలిగించిన అలంకారాన్ని, మంచి వస్తువులను నిషేధించింది ఎవరని అల్ ఆరాఫ్ సూరా (7:32) ప్రశ్నిస్తోంది. అనుకూలమైన స్వారీ మనిషి సౌభాగ్యాల్లో ఒకటని దైవప్రవక్త (స) పేర్కొన్నట్లు హదీసుల్లో ఉంది.

ఒకసారి ఆయన (స) గర్వం గురించి హెచ్చరించినప్పుడు, మనిషి తన దుస్తులు, చెప్పులు బాగుండాలని కోరుకుంటాడు కదా అని ఒక వ్యక్తి సందేహం వెలిబుచ్చారు. అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ప్రేమిస్తాడనీ, సత్యాన్ని తిరస్కరించడం, సాటి మనుషులను చిన్నచూపు చూడడమే గర్వమనీ ఆయన (స) వివరించారు. (ముస్లిం)

కాబట్టి మోకాళ్ళ నొప్పితో బాధపడే తల్లి కోసం ఎత్తైన సీటున్న బండి వెతకడం నింద్యం కాదు. ఆ సంకల్పం నిజమైనదైతే అది పుణ్యకార్యమే. అయితే ఆ సంకల్పం ఎంతవరకు నిజమన్నది తేల్చుకోవాలి. తల్లి సులువుగా ఎక్కి దిగగలిగే బండ్లు ఇరవై లక్షల లోపు కూడా దొరుకుతాయి. ఇరవై నుంచి డెబ్భై లక్షలకు వెళ్ళిన ఆ దూరం అమ్మీ మోకాళ్ళ కోసమా, లేక ముందు గ్రిల్ మీద మెరిసే గుర్తు కోసమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది ఆ సోదరుడొక్కరే. అల్లాహ్‌కు అది ముందే తెలుసు.

మూడు రకాల యజమానులు

గుర్రాల గురించి దైవప్రవక్త (స) చెప్పిన ఒక హదీసు నేటి వాహనాలకు సరిగ్గా వర్తిస్తుంది. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ప్రకారం గుర్రం ఒకరికి పుణ్యం, ఒకరికి రక్షణ, ఒకరికి భారం. అల్లాహ్ మార్గంలో వినియోగించేందుకు పోషించినవారికి పుణ్యం. ఎవరి ముందూ చేయి చాపకుండా తన అవసరం తీర్చుకునేందుకు పోషించి, దాని విషయంలో అల్లాహ్ హక్కును మరువనివారికి రక్షణ. గర్వం కోసం, ప్రదర్శన కోసం, ముస్లింల పట్ల వైరంతో పోషించినవారికి అది పాపభారం. (బుఖారీ, ముస్లిం)

గుర్రం మూడు చోట్లా గుర్రమే. దాని ధర ఎంత, కొత్తగా తెచ్చినదా, ఇంకొకరి దగ్గర పెరిగినదా అన్న ప్రసక్తి ఇక్కడ లేదు. యజమాని హృదయమే దాన్ని మూడుగా విడదీసింది. అర్ధరాత్రి పక్కింటి గర్భిణిని ఆసుపత్రికి చేర్చిన బండి, మస్జిదుకు రాలేని వృద్ధుణ్ణి వెంట తెచ్చిన బండి మొదటి కోవలోకి చేరగలదు. తన దగ్గర అదనంగా వాహనం ఉన్నవారు వాహనం లేనివారికి ఇవ్వాలని ఒక ప్రయాణంలో ప్రవక్త (స) ఉపదేశించారు. (ముస్లిం) ఆ ఉపదేశం విన్న సహాబాలు, అవసరానికి మించినదానిలో తమకు హక్కు లేదేమో అనుకున్నారట! మన ముంగిట్లో నెలకు రెండుసార్లు మాత్రమే కదిలే రెండో కారు గురించి మనమేమనుకుంటున్నాం?

కొత్త బండి లెక్క

ఇక ఆ సోదరుని మొదటి మార్గం చూద్దాం. 40 లక్షలు ఫైనాన్స్. ఏటా 9 శాతం వడ్డీ, ఐదేళ్ళ గడువు అనుకుందాం. నెలకు సుమారు 83 వేల రూపాయల కిస్తీ. ఐదేళ్ళలో కట్టేది దాదాపు 49 లక్షల 82 వేలు. అంటే 9 లక్షల 82 వేల రూపాయల వడ్డీ. వడ్డీ మానని వారికి అల్లాహ్ తరఫున, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉందని అల్ బఖరా సూరా (2:279) హెచ్చరిస్తోంది. వడ్డీ తినేవారితోపాటు చెల్లించేవారిని, రాసేవారిని, సాక్షులను కూడా ప్రవక్త (స) శపించారు. (ముస్లిం) ప్రాణావసరం లేనిచోట, కేవలం ఒక మెట్టు పైన కనిపించడం కోసం ఈ హెచ్చరికలోకి తలదూర్చడం వివేకమా?

మరో సంగతి. ఇన్సూరెన్స్ కోసం వాహన విలువను లెక్కగట్టే పట్టిక ఒకటుంది. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాదికి 15, రెండేళ్ళకు 20, మూడేళ్ళకు 30, నాలుగేళ్ళకు 40, ఐదేళ్ళకు 50 శాతం తరుగు తీస్తారు. చివరి కిస్తీ కట్టే రోజుకు కాగితం మీద మిగిలేది సగం విలువ. పెద్ద ఎస్.యు.వి.ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జి.ఎస్.టి. ఉంది. ఆ పన్ను, రిజిస్ట్రేషన్ సమయంలో కట్టిన జీవితకాల పన్ను అమ్మేటప్పుడు తిరిగి చేతికి రావు.

దైవప్రవక్త (స)కు అద్బా అనే ఆడ ఒంటె ఉండేది. పందెంలో దాన్ని మించినది లేదు. ఒక పల్లెవాసి తన పడుచు ఒంటె మీద వచ్చి దాన్ని ఓడించాడు. సహాబాలకు ఇది చాలా బాధ కలిగించింది. ప్రపంచంలో పైకి లేచిన దేన్నయినా కిందికి దించడం అల్లాహ్ నియమమని ఆయన (స) వారికి బోధించారు. (బుఖారీ) షోరూం నుంచి దండ వేసుకుని బయటికొచ్చే ప్రతి బండికీ ఇదే నియమం వర్తిస్తుంది. వచ్చే ఏడాది కొత్త మోడల్ రాగానే ఈ ఏటి గొప్ప పాతబడుతుంది. దిగజారిపోయే వస్తువు మీద తన గౌరవాన్ని నిలబెట్టుకున్నవాడి గౌరవం కూడా దానితోపాటే దిగజారుతుంది.

పాత బండి పరీక్ష

"అయితే సెకండ్ హ్యాండ్ కొంటే సరిపోతుంది" అని తొందరపడకండి. వాడిన వస్తువు కొనడంలో చిన్నతనం ఎంతమాత్రం లేదు. హిజ్రత్ వేళ హజ్రత్ అబూబక్ర్ (రజి) తాను సాకిన రెండు ఒంటెల్లో ఒకదాన్ని కానుకగా ఇవ్వబోతే, ప్రవక్త (స) వెల చెల్లించే తీసుకుంటానన్నారు. (బుఖారీ) అంతటి మహత్తర ప్రయాణం మరొకరి దగ్గర పెరిగిన వాహనం మీదే సాగింది.

కానీ పాత బండిలోనూ షైతాను కూర్చోగలడు. సగం ధరకే అదే గుర్తు, అదే దర్జా దొరుకుతుందని కొంటే, అది చౌకగా కొన్న గర్వమే తప్ప పొదుపు కాదు. పైగా 70 లక్షల బండిని 30 లక్షలకు కొన్నా, దాని టైర్లు, గేర్ బాక్సు, సస్పెన్షన్, సెన్సార్ల ఖర్చు 70 లక్షల బండి ఖర్చే. కొన్నవాడి ఆదాయం చూసి విడిభాగాల ధర తగ్గదు. వారంటీ ముగిసిన బండికి ఒక్క పెద్ద మరమ్మతు వచ్చిందంటే పిల్లల ఫీజులు ఆగిపోయే పరిస్థితి రావచ్చు.

ఇక అమ్మేవారి సంగతి. 2020 అక్టోబరులో హైదరాబాదును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను వరద ముంచెత్తింది. ఎన్నో కార్లు నీళ్ళలో మునిగాయి. నీరు చేరిన బండిని కడిగి, సీట్లు మార్చి, పాలిష్ పట్టి, ఏమీ ఎరగనట్టు అమ్మేవారున్నారు. మీటరు వెనక్కి తిప్పేవారున్నారు. ప్రమాదంలో నలిగిన డోరుకు రంగేసి "నాన్ యాక్సిడెంట్" అని ప్రమాణం చేసేవారున్నారు. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. జనానికి కనిపించేలా ఆ తడి ధాన్యాన్ని పైనెందుకు పెట్టలేదని అడిగి, మోసగించేవాడు తనవాడు కాడని ఆయన (స) స్పష్టం చేశారు. (ముస్లిం) వరదలో మునిగిన కారు నేటి తడి ధాన్యం! వాన పడడం వ్యాపారి తప్పు కాదు. దాచడమే తప్పు. అమ్మేవారు, కొనేవారు నిజం చెప్పి లోపాలు వెల్లడిస్తే వారి బేరంలో శుభం ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ మరో హదీసు తెలుపుతోంది. (బుఖారీ, ముస్లిం)

కొనేవారికీ బాధ్యత ఉంది. అల్లాహ్‌పై నమ్మకమంటే కళ్ళు మూసుకోవడం కాదు. నమ్మకస్తుడైన మెకానిక్‌కు చూపించాలి. కార్పెట్ ఎత్తి బురద, తుప్పు ఆనవాళ్ళు వెతకాలి. సర్వీసు రికార్డులోని కిలోమీటర్లను మీటరుతో పోల్చాలి. ఆర్.సి.లో హైపోథికేషన్ ఉంటే ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్.ఓ.సి., ఫారం 35 అడగాలి. యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30 సమర్పించి, ఇన్సూరెన్స్ కూడా తన పేరుకు మార్చుకోవాలి.

అలాగే అమ్మేవాడి అవసరాన్ని దోచుకోకూడదు. ఆసుపత్రి ఖర్చుకో, కూతురి పెళ్ళికో తొందరపడి అమ్ముతున్నవాడిని పిండడం బేరం కాదు. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) కోసం సేవకుడు 300 దిర్హములకు ఒక గుర్రాన్ని బేరమాడి తెచ్చాడు. గుర్రం అంతకంటే విలువైనదని ఆయనే యజమానికి చెప్పి, వందలు పెంచుకుంటూ పోయి 800 చెల్లించారని ఉల్లేఖించబడింది. ప్రతి ముస్లిం శ్రేయస్సూ కోరతానని తాను ప్రవక్త (స)కు చేసిన ప్రమాణాన్ని ఆయన నిలబెట్టుకున్నారు.

అసలు ఆ సొమ్ము ఎవరిది?

ఇదంతా ఆ సోదరునికి వివరించాక ఒక్క మాట అడగడం జరిగింది: "ప్లాటు మీ తండ్రిగారిది కదా! వారసులు ఎవరెవరు?"

ఆయన కాసేపు ఆగి చెప్పారు: "నేను, అమ్మీ, ఒక చెల్లెలు. తాతా నానమ్మలు ముందే పోయారు. అప్పులు, వసీయత్ ఏమీ లేవు. చెల్లెలికి పెళ్ళిలో చాలానే ఇచ్చాం. తనకేమీ వద్దంది."

అన్నిసా సూరా (4:11–12) ప్రకారం లెక్క వేద్దాం. 36 లక్షల్లో భార్యగా అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే నాలుగున్నర లక్షలు. మిగిలిన 31.5 లక్షల్లో కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. కొడుకుకు 21 లక్షలు, చెల్లెలికి పదిన్నర లక్షలు. అంటే 36 లక్షల బండిలో 15 లక్షల బండి ఆయనది కాదు! పెళ్ళిలో పెట్టిన ఖర్చు వారసత్వాన్ని రద్దు చేయదు. పుట్టింటి గడప మూతపడుతుందేమోనన్న భయంతో అన్న ముందు "నాకేమీ వద్దు" అన్న చెల్లెలి మాటను సమ్మతిగా భావించవచ్చా? ఆమె వాటా ఎంతో ఆమెకు చెప్పి, దాన్ని ఆమె చేతిలో పెట్టాలి. ఆ తర్వాత ఆమె మనస్ఫూర్తిగా ఏదైనా తిరిగి ఇస్తే అది కానుక. అంతకు ముందే తీసుకుంటే అది అన్యాయం. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ఏడు భూముల భారం చుట్టబడుతుందని ప్రవక్త (స) హెచ్చరించారు. (బుఖారీ, ముస్లిం) ప్లాటు డబ్బుగా మారి, డబ్బు కారుగా మారినంత మాత్రాన ఆ భారం మారుతుందా?

ఆ సోదరుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ముందు చెల్లెలింటికి వెళ్ళాలి" అని లేచారు.

పాఠక సోదర సోదరీమణులారా! ప్రళయదినాన సంపద గురించి రెండు ప్రశ్నలు ఎదురవుతాయని ప్రవక్త (స) తెలియజేశారు: ఎక్కడినుంచి సంపాదించావు, ఎందులో ఖర్చు పెట్టావు? (తిర్మిజీ) కొత్తదా పాతదా అన్నది రెండో ప్రశ్నలో ఒక చిన్న భాగం మాత్రమే. మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోకుండా మనం నేరుగా రెండోదానికి వెళుతున్నాం. కాబట్టి షోరూంకు వెళ్ళేముందు ఇంట్లో కూర్చుని లెక్క చూసుకుందాం. ఈ సొమ్ములో మరొకరి వాటా ఉందా? తీర్చాల్సిన అప్పు ఉందా? ఏడాది నిలిచిన నిల్వపై జకాత్ తీశామా? హజ్ విధి అయివుండి వాయిదా పడుతోందా? ఇవన్నీ తేలాక, వడ్డీ లేకుండా, స్తోమతుకు లోబడి ఏది కొనుక్కున్నా, కొత్తదైనా పాతదైనా, అల్‌హందులిల్లాహ్ అని సంతోషంగా ఎక్కండి.

వాహనం ఎక్కేటప్పుడు పఠించే దుఆ మనందరికీ తెలుసు. అజ్జుఖ్‌రుఫ్ సూరాలోని (43:13–14) ఆ దుఆలో, ఈ వాహనాన్ని లోబరచుకునే శక్తి మనకు లేదన్న అంగీకారం ఉంది. మనం మన ప్రభువు వైపుకే మరలిపోవాలన్న స్మరణ ఉంది. చివరి ప్రయాణంలో మనల్ని మోసేది నలుగురి భుజాల మీది జనాజా. దానికి మోడల్ లేదు, గుర్తు లేదు. ఆ రోజు మన మెడ మీద ఎవరి హక్కూ వేలాడకుండా చూసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.