చేవదేరిన ఇనుము

రేసు కారుకు ఇంజను కట్టాలంటే ఎవరైనా మెరిసే కొత్త లోహాన్ని వెతుక్కుంటూ పోతారు. మ్యూనిక్‌లో ఇంజనీరు పాల్ రోషె పాత ఇనుము దగ్గరికి వెళ్లాడు. క్యామ్‌షాఫ్టుల మీద ఆయనకున్న మక్కువ చూసి తోటివాళ్లు ‘నోకెన్ పౌలె’ అనేవారు, అంటే క్యాముల పాల్. 1980ల మొదట్లో ఫార్ములా వన్ కోసం బీఎండబ్ల్యూ టర్బో ఇంజను కడుతున్నప్పుడు ఆయన బృందం ఏరుకున్నవి, మామూలు కార్లలో లక్ష కిలోమీటర్లు తిరిగొచ్చిన బ్లాకులు. ఎవరినో రోజూ ఆఫీసుకు చేర్చినవి, సెలవుల్లో ఎవరి పిల్లల్నో కొండలెక్కించినవి, మంచు పొద్దుల్లో దగ్గుకుంటూ లేచి, రాత్రిళ్లు టక్ టక్‌మంటూ చల్లారినవి.

పోత ఇనుముకు పుట్టుకతోనే ఒక బిగువు ఉంటుంది. అచ్చులో పోసినప్పుడు పలచని గోడ ముందు గడ్డకడుతుంది, మందపాటి మూల ఆలస్యంగా గడ్డకడుతుంది. ఒకటి కుదురుకున్నాక రెండోది ముడుచుకోవడంతో రెంటి మధ్యా లాగులాట మొదలవుతుంది. అది పైకి కనపడకుండా లోహంలోనే ఉండిపోతుంది. కొత్త బ్లాకును వెంట్రుకవాసి తేడా లేకుండా బోరు చేసినా, నాలుగుసార్లు గట్టిగా కాగేసరికి ఆ బిగువు సడలి గుండ్రన కాస్తా వంకర పోతుంది. లక్ష కిలోమీటర్ల బ్లాకు అలా కాదు. వేలసార్లు కాగి, వేలసార్లు చల్లారి, లోపలి తగవులన్నీ తీర్చుకుని కూర్చుంది. ఇప్పుడు చేసిన బోరు నిలుస్తుంది. వడ్రంగి పచ్చికర్రతో ద్వారబంధం చెయ్యడు, కర్ర చేవదేరేదాకా ఆగుతాడు. ఇనుముకూ చేవ ఉంటుందని మ్యూనిక్‌లో గుర్తుపట్టారు.

అంత చేవ ఎందుకంటే, ఆ ఇనుము నెత్తిన పెట్టబోయే బరువు అలాంటిది.

ఇంజను తిండి పెట్రోలు అనుకుంటాం. దాని అన్నం గాలి, పెట్రోలు పక్కన నంజుడు. ఒక పాలు పెట్రోలు చక్కగా మండాలంటే బరువులో దాదాపు పద్నాలుగున్నర పాళ్ల గాలి కావాలి. ఒకటిన్నర లీటరు ఇంజను రెండు చుట్లు తిరిగేలోపు, తనంతట తాను ఎంత ఆబగా పీల్చినా, లోపలికి పోయేది సుమారు 1.8 గ్రాముల గాలి. రెండు మూడు చిటికెల ఉప్పంత! ఆ కాస్త ఊపిరితోనే సంసారాలకు సంసారాలు ఘాట్ రోడ్లు ఎక్కేస్తున్నాయి. ఇంకా బలం కావాలని పెట్రోలు మాత్రమే పెంచితే పొగ తప్ప ఏమీ రాదు. కొలిమి దగ్గర కూర్చున్న కమ్మరికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. బొగ్గు ఎంత పోసినా, తిత్తి ఊదితేనే ఇనుము ఎర్రబడేది.

సూపర్‌చార్జరు ఆ తిత్తి వంశానిదే. అమెరికాలోని ఇండియానాలో రూట్స్ అన్నదమ్ములు 1860లో ఒక బ్లోయరుకు పేటెంటు పొందారు. రెండు రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా తిరుగుతూ గాలిని ముందుకు నెడతాయి. ఇనుము కరిగించే కొలుములకు ఊదిన ఆ యంత్రమే తర్వాత ఇంజను పక్కకు చేరింది. 1921లో మెర్సిడెస్ సూపర్‌చార్జరున్న కార్లను బెర్లిన్‌లో జనం ముందు పెట్టింది. ఇనుమును కరిగించిన ఊపిరే ఇనుప గుండెకు ఊపిరైంది.

అయితే ఈ తిత్తిని ఆడించేది క్రాంక్‌షాఫ్టే. సంపాదనలోంచే కూలి ఇచ్చుకోవాలి. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూహి చూపు పొగగొట్టం మీద పడింది. ఇంధనం ఇచ్చిన వేడిలో సుమారు మూడో వంతు అందులోంచే గాల్లో కలిసిపోతోంది. పారబోసేదాని చేతే తిత్తి ఊదిస్తే? 1905లో ఆయన తీసుకున్న పేటెంటు నుంచి టర్బోచార్జరు వంశవృక్షం మొదలవుతుంది.

టర్బోను ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడాలి. రెండు నత్తగుల్లలను వీపూ వీపూ ఆనించి కూర్చోబెట్టినట్టుంటుంది. రెంటికీ మధ్య చిటికెనవేలంత ఇరుసు. ఒక కొసన పొగ తిప్పే చక్రం, రెండో కొసన గాలిని నొక్కే చక్రం. అటు 900 డిగ్రీల పొగ సెగకు గుల్ల ఎర్రబారుతుంటే, ఇటు జానెడు దూరంలో చల్లగాలి లోపలికి వస్తుంటుంది. ఒకే ఇరుసుకు ఒక చివర వైశాఖం, ఇంకో చివర మార్గశిరం. అది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. చాలా టర్బోల్లో దాన్ని మోసేది తలవెంట్రుక కంటే పలచని నూనె పొర. అంత వేగాన్ని అంత మెత్తనిదానికి అప్పజెప్పిన ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

ఇక ఊదడమే తరువాయి అనుకుంటే పొరపాటు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టి దాని అడుగు పట్టుకున్న పిల్లలందరికీ ఇది తెలుసు. వేడీ ఒత్తిడీ శ్రుతిమించితే, స్పార్క్‌ప్లగ్గు దగ్గర పుట్టిన మంట వచ్చేదాకా మూలనున్న పెట్రోలు ఆవిరి ఆగదు, తనంతట తానే భగ్గుమంటుంది. అదే నాకింగు. రేకు డబ్బాలో గోళీలు ఆడించినట్టు వినపడుతుంది. ఆ చప్పుడును ఖాతరు చెయ్యకపోతే రింగుల మధ్య గట్లు విరుగుతాయి, పిస్టనుకు చిల్లి పడుతుంది.

అందుకే మంచి మేస్త్రీ టర్బో పెట్టె విప్పకముందే ఇంజను నాడి చూస్తాడు. కంప్రెషను గేజీ పెట్టి సిలిండర్లన్నీ ఒకే మాట చెబుతున్నాయా అని వింటాడు. బోరు పైఅంచున గోరు ఆనించి, రింగులు అరగదీసిన గట్టు ఎంత లేచిందో తడుముతాడు. ఆ పరీక్ష నెగ్గిన ఇంజనుకే అలంకారం. పోత పిస్టన్ల చోట ఫోర్జింగు పిస్టన్లు వస్తాయి. గాలి ఎలాగూ నొక్కుడుపడే వస్తుంది కాబట్టి కంప్రెషను తగ్గిస్తారు. పిస్టన్ల అడుగున నూనె చిమ్మే జెట్లు పెడతారు, హెడ్డు లేవకుండా గట్టి స్టడ్లు బిగిస్తారు, గాలి లోపలికి పోయేదారిలో ఇంటర్‌కూలరు కూర్చోబెడతారు. ఇన్ని ఏర్పాట్ల వెనకా ఉన్న సూత్రం ఒకటే: వేడిని రానివ్వు, కాపురం పెట్టనివ్వకు.

ఆ సూత్రానికి వింతైన దారి వెతికింది ఓల్డ్‌స్‌మొబిల్. టర్బోతో జనానికి అమ్మిన తొలి కార్లలో ఒకటైన 1962 నాటి జెట్‌ఫైరులో కంప్రెషను నిష్పత్తి తగ్గించకుండా 10.25 దగ్గరే ఉంచారు. నాకింగు రాకుండా కారుకే ఒక పానకం తాగించారు: నీళ్లు, మిథనాలు, తుప్పు పట్టకుండా కాస్త మందు. మంటను నీళ్లతో కాపాడుకోవడం! ఆ పానకం నింపడం చాలామంది మరిచిపోయేవారు, రెండేళ్లకే ఆ కారు తయారీ ఆగింది. ఆ ఊహ మాత్రం ఇప్పటికీ చల్లగానే ఉంది.

మళ్లీ మన పాత బ్లాకు దగ్గరికొద్దాం. ఆ ఇంజను కుటుంబం 1962లో బీఎండబ్ల్యూ 1500 కారుతో రోడ్డెక్కినప్పుడు దాని పరిమాణం 1,499 సీసీ, బలం 80 హార్స్‌పవర్. రోషె రేసు ఇంజనూ సరిగ్గా 1,499 సీసీయే. 1983లో రేసు రోజున అది 640 హార్స్‌పవర్ దాకా ఇచ్చింది. నిమిషానికి 11,000 చుట్ల దగ్గర ఒక్కో సిలిండరులో సెకనుకు తొంభై పైచిలుకు మంటలు. నాకింగును అణచడానికి టోల్యూన్ దండిగా కలిపిన ఇంధనం పోశారు. ఆ ఏడాది అక్టోబరు 15న దక్షిణాఫ్రికాలోని క్యాలమీలో ఆ ఇంజనున్న కారుతో నెల్సన్ పికే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. టర్బో కారుకు అంతకుముందు ఆ కిరీటం దక్కలేదు. 1986 నాటికి క్వాలిఫయింగు ల్యాపులకు ఎంత ఊదేవారంటే, పరీక్షశాలలోని డైనమోమీటరు 1,280 హార్స్‌పవర్ దగ్గర చేతులెత్తేసేది. కొలిచే యంత్రం అలిసిపోయినా, ఒకప్పుడు ఎవరినో ఆఫీసుకు మోసిన ఆ ఇనుము మోస్తూనే ఉంది.

ఒక రాత్రి సూర్యాపేట దాటాక దాబా ముందు పత్తి లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి కూడా ఇంజను ఆపలేదు. డీజిలు దండగ కదా అన్నాను. “ఉరికొచ్చినోణ్ని ఎంటనే పండబెడతమా సార్? జర ఆరనియ్యాలె” అన్నాడు. ఇంజను ఆపితే నూనె ఆగుతుంది, టర్బో లోపల ఇరుసు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, కాలుతూనే ఉంటుంది. ఆ సంగతి అతనికి ఏ పుస్తకమూ చెప్పి ఉండదు. రెండు నిమిషాలాగి, టీ గ్లాసు చేతిలో పట్టుకునే తాళం తిప్పాడు.

లారీ నిశ్శబ్దమైంది. చీకట్లో ఇనుము టక్, టక్‌మంటూ చల్లారడం మొదలుపెట్టింది. కాగిన లెక్కకూ చల్లారిన లెక్కకూ ఇంకొకటి కలిసింది.