అతుకులలోని ఊరు

ఊరన్న నేమి యని యడిగినచో మనలో ననేకులు తడుముకొనకుండ సమాధానము చెప్పుదురు. తెనాలివారు రామకృష్ణకవిని తలచుకొందురు. ‘ఆంధ్రా ప్యారిస్’ అను ముద్దుపేరును చెప్పుదురు. బాపట్లవారు భావనారాయణస్వామి కోవెలను, సూర్యలంక సముద్రతీరమును చూపుదురు. రైలుదారి తమయొద్దనే ముగియునని రేపల్లెవారు చెప్పుదురు. ఈ సమాధానములలో నసత్యమేమియు లేదు. కాని ఊరంతయు వీనిలో నిమిడినదా? ఈ ప్రశ్న చిత్రకారులకు మాత్రమే సంబంధించినది కాదనియు, ఊరిలో కాపురముండు ప్రతివారును విచారింపవలసిన ధర్మప్రశ్న యనియు మా యభిప్రాయము.

పాశ్చాత్య కళాకారులను ఇట్టి ప్రశ్నలు శతాబ్దమునకు పైగా వేధించుచున్నవి. 1912లో పికాసో తన చిత్రపటముమీద అచ్చువేసిన నూనెగుడ్డ ముక్కను అతికించి, చుట్టును చట్రమునకు బదులు త్రాటిని బిగించెను. రంగులతో వ్రాసినదే చిత్రమన్న నియమము నాటినుండి సడలజొచ్చెను. 1968లో అమెరికా శిల్పి రాబర్ట్ స్మిత్సన్ న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ గనిప్రాంతమునుండి రాళ్లు తెచ్చి, కొయ్యపెట్టెలలో పోసి, ఆ చోటి చిత్రముతో కూడ ప్రదర్శనశాలలో నుంచెను. చూడవచ్చినవారు తాము చూచుచున్నది ఆ చోటునా, లేక చోటునుండి విడివడిన తునుకలనా యని ఆలోచనలో పడిరి. 1979లో ఫ్రెంచి తత్త్వవేత్త లియొతార్ ఆధునికోత్తర స్థితినిగూర్చి గ్రంథము వ్రాసి, సర్వమును ఒకే సూత్రమున గ్రుచ్చు మహాకథనములయందు నమ్మకము నశించుటయే ఆ స్థితికి లక్షణమని నిర్వచించెను. ఈ భావములు కళలో ప్రవేశింపగా, చోటునకు ఒకే కథ లేదనియు, దానిని చూపు కృతి పలు వస్తువులతో కూర్పబడి, అతుకులు దాచక నిలువవలెననియు తలచువారు బయలుదేరిరి.

ఈ మాటలు విని మన గృహిణులు బెదరవలసిన పని లేదు. మన యిండ్లలో బొంత కుట్టని అవ్వ యుండెనా? చినిగిన చీర, తాతగారి పంచె, బిడ్డ తొలి చొక్కా, అన్నియు నందు చేరును. ఏ ముక్క యెవరిదో చెప్పుచు అవ్వ దానిని పిల్లలకు కప్పును. బొంతకు అతుకు అవమానము కాదు. అదియే దాని జ్ఞాపకము. కావున పలు తునుకలు కూర్చుట మనకు క్రొత్త కాదు. తునుకను తెచ్చినవాడు దాని పూర్వచరిత్రకు ఋణపడియుండునా లేదా యన్నదే విచారింపవలసిన విషయము.

తెనాలిలో సూర్య శిల్పశాలవారు, కాటూరి వెంకటేశ్వరరావు గారును వారి కుమారుడు రవిచంద్ర గారును, ఇనుప తుక్కుతో విగ్రహములు చేయుదురు. పాతవాహనముల భాగములు, నట్లు, బోల్టులు, గొలుసులు, పండ్లచక్రములు వారికి మట్టియు రాయియునైనవి. దాదాపు 75,000 నట్లతో పది అడుగుల గాంధీమహాత్ముని నిలిపిరి. 2021లో తుక్కుతోనే పదునాలుగడుగుల ప్రధానమంత్రి మోదీ గారి విగ్రహమును చేసిరి. దగ్గరకుపోయి చూచినచో నట్టు నట్టుగానే కనబడును. దూరమునుండి అదియే చెంపయో భుజమో యగును. తునుక తన పుట్టుకను దాచుకొనలేదు. ఇది మెచ్చదగిన గుణము. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆ యినుము ఎందరో మెకానికుల చేతులలో, ఎందరో బాటసారుల ప్రయాణములలో అరిగినది; దానికి వచ్చిన ముఖము మాత్రము మహానాయకునిది. వస్తువు అనేకులది, కథ యొక్కరిది. ఈ లోపము శిల్పులది కాదు. అట్టి విగ్రహములనే కోరు మనది.

తెనాలినుండి రెండు రైలుదారులు సముద్రపు దిక్కునకు చీలును. రేపల్లె దారిలో భట్టిప్రోలు తగులును. అచ్చటి బౌద్ధస్తూపపు ఇటుకలను, చలువరాళ్లను పందొమ్మిదవ శతాబ్దిలో బాటలకును కాలువపనులకును తరలించుకొనిపోయిరి. మిగిలినదానిని 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వింపగా, ప్రాకృతశాసనములు గల రాతిధాతుకరండములు బయల్పడెను. వానిలో స్ఫటికపు భరిణె, బంగారు పూవులు, పూసలు ఉండెను. తెలుగు లిపి చరిత్రను చెప్పువారు నేటికిని ఆ యక్షరములను తలచుకొనకుండ ముందునకు సాగరు.

ఇప్పుడు రెండు పనులను ప్రక్కప్రక్కన నుంచి చూతము. తెనాలి శిల్పి పాత ఇనుమును తీసి క్రొత్త రూపము కల్పించెను. ఆనాటి పనివారు పాత రాతిని తీసి క్రొత్త కట్టడము కట్టిరి. రెండును పునర్వినియోగములే. కాని మొదటిదానిలో తునుక తన కథ చెప్పుచున్నది. రెండవదానిలో రాతి నోరు మూయబడినది. ఆ బాటమీద నడచినవారు తమ కాలిక్రింద నేమున్నదో యెరుగరు. ఎచ్చటినుండియైన నేదియైనను తీసికొని దేనితోనైన నతికించు స్వేచ్ఛ కళాకారునకు గలదని ఆధునికోత్తరవాదులు కొందరు చెప్పుదురు. ఆ స్వేచ్ఛకు మేము అడ్డు చెప్పము. కాని ఎవరినుండి తీసికొన్నది చెప్పని కూర్పు, ఎంత సొగసైనను, దోపిడికి చుట్టమే.

రేపల్లె చేరి నేలను చూడుడు. అది యేటి యొండ్రు. మహాబలేశ్వరపు కొండలలో పుట్టిన కృష్ణ, దారిపొడవున పలు సీమల మట్టిని మోసికొనివచ్చి యిచ్చట పరచినది. ‘మా మట్టి’ యని మనము గర్వించు మట్టి కూడ పొరుగువారి మట్టియే. ఇట్టి చోటికి కలగలుపులేని ఏకైకస్వరూపమును వెదకుట ఏటిని కాదనుటయే యగును.

ఇక బాపట్ల దారి. 1913లో ప్రథమాంధ్రమహాసభ బాపట్లలో సమావేశమయ్యెను. చెదరియున్న తెలుగువారందరు ఒక్కటేయన్నది ఒక మహాకథనము. దానివలన మేలు కలుగలేదనుట కృతఘ్నత. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడుటకు ఆనాటి పిలుపు ఒక మూలము. కాని ‘అందరు’ అన్న మాటలో ఎవరెవరు చేరిరి? తెనాలికిని బాపట్లకును నడుమ చుండూరున్నది. 1991 ఆగస్టు 6వ తేదీన అచ్చట ఎనిమిదిమంది దళితులు అగ్రవర్ణములవారి దాడిలో హతులైరి. ఊరినడుమ వారి సమాధులున్నవి. ఆ చోటిని రక్తక్షేత్రమందురు. 2007లో ప్రత్యేకన్యాయస్థానము 21 మందికి యావజ్జీవ కారాగారమును, 35 మందికి ఒక్కొక్క యేడు శిక్షను విధించెను. 2014లో ఉన్నతన్యాయస్థానము వారినందరిని విడిచిపెట్టెను.

ఆధునికోత్తరవాదమునకు అసలు పరీక్ష యిచ్చటనే. చోటునకు పలుకథలున్నవను మాట లేకున్న, చుండూరు కథ మన జిల్లాల ముచ్చట్లలో నెన్నడును చేరదు. పచ్చని పొలముల వర్ణనతోనే పుస్తకము ముగియును. కావున ఆ మాటకు మేము నమస్కరింతుము. కాని అదే మాటను సాగదీసి, ‘ఎవరి కథ వారిది, అన్నియు సమానములే, నిజమన్నది లేదు’ అనువారితో మేము ఏకీభవింపజాలము. చంపబడినవాని కథయు, చావు చూచి తలుపు మూసికొన్నవాని కథయు రెండు కథనములు మాత్రమేనా? తీర్పులు మారవచ్చును, సాక్ష్యములు చాలవనవచ్చును. కాని ఎనిమిది సమాధులు ఒక దృక్కోణము కావు. అవి యున్నవి. మహాకథనమును శంకించుట బలవంతుని కథను ప్రశ్నించుటకు పనిముట్టు. అదే పనిముట్టుతో బలహీనుని సాక్ష్యమును తెగవేసినచో, క్రొత్త వాదము పాత అన్యాయమునకే ఊడిగము చేసినదగును.

మేము చెప్పదలచినది యింతే. ఊరిని చూపు కృతి, అది శిల్పమైనను, పటమైనను, చరిత్ర పుస్తకమైనను, పలుతునుకలతో నుండవలెను. ప్రతి తునుకయు తన పుట్టిల్లు చెప్పవలెను. అందులో లేని తునుక ఏదియో అడుగుటకు చోటుండవలెను. ఇది కళాసూత్రమువలె కనబడును గాని న్యాయసూత్రము.

ఈ సూత్రమును పరీక్షించుటకు ప్రదర్శనశాలకు పోనక్కరలేదు. మీ యింటి పిల్లల చేతికి కాగితమిచ్చి ఊరిపటము గీయుమని చెప్పుడు. గుడి, బడి, కాలువ, రైలుస్టేషను గీయుదురు. ముగిసిన పిమ్మట దళితవాడ ఎచ్చటనున్నదని, మనయింటి పాకీపని చేయువారు ఎచ్చటినుండి వత్తురని నెమ్మదిగా అడుగుడు. వారు గీయకున్న కోపపడకుడు. వారు మనవద్ద విన్న ఊరినే గీసిరి. ఆ కాగితమునకు ఇంకొక ముక్కను చేర్చి అతికింపుడు. పటము కొంచెము వంకరగా కనబడును. కనబడనిండు.