కళాశాలా వరణము

సంస్కృతమున "వృ" ధాతువునకు కోరుకొనుట యని యర్థము. వరము, వరుడు, స్వయంవరము అను మాటలు దానినుండియే పుట్టినవి. ఇంటర్మీడియటు ముగించిన బాలబాలికలు కళాశాలను ఎన్నుకొనుటయు నొక వరణమే. అది స్వయంవరమా, పెద్దలు కుదిర్చిన సంబంధమా యను సంగతి ప్రతి వేసవియందును మా కామవరపుకోట ఇండ్లలో తేలుచునే యున్నది గాని, దాని నొక ప్రశ్నగా నెంచువారు తక్కువ.

ఈ ప్రాంతమువారికి ఎన్నిక యనునది క్రొత్త భారము. ఏలూరున సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల 1945లో వెలసినది. అంతకు పూర్వము పట్టపరీక్షకు చదువగోరిన మెట్టసీమ బాలుడు రాజమహేంద్రవరమునకో, బందరు నోబుల్ కళాశాలకో పెట్టె సర్దుకొని పోవలసినవాడే. ఏలూరునందు ఆడపిల్లలకై సెయింట్ థెరెసా కళాశాల 1953లో గాని రాలేదు. ఆనాడు ఏ కళాశాల యను ప్రశ్నయే లేదు. పంపుదుమా, మానుదుమా యనునదే ప్రశ్న. నేడు పంపుట నిశ్చయమైనది. ఎక్కడికనుట మాత్రము ప్రహరీగోడల మీది ప్రకటనలకును, బంధువుల మాటలకును వదలివేయబడినది.

ప్రభుత్వము ఏర్పరచిన పద్ధతిని చూచినచో, అందు విద్యార్థి యిష్టమునకే పెద్దపీట. 2021 నుండి ఈఏపీసెట్ అను పేర జరుగుచున్న ప్రవేశపరీక్షలో ర్యాంకు వచ్చిన పిదప, విద్యార్థి తన ధ్రువపత్రములను సరిచూపించుకొని, కళాశాలలను, శాఖలను తన కోరిక క్రమమున కంప్యూటరునందు నమోదు చేయవలెను. దీనినే వెబ్ ఆప్షన్లందురు. డిగ్రీ కళాశాలలకును 2020 నుండి ఇట్టి పద్ధతియే వచ్చినది. యంత్రము చేయు పని సరళము. ర్యాంకుల వరుసను ఒక్కొక్కరిని తీసికొని, రిజర్వేషను నియమములకు లోబడి, వారి పట్టికలో మొదటి కోరికనుండి క్రిందికి దిగుచు, ఖాళీ యున్న తొలిచోట నిలుపును. దీనివలన తేలు విషయమొకటి కలదు. దానిని తల్లిదండ్రులు బాగుగ గ్రహింపవలెను. దుర్లభమైన కళాశాలను పైన వ్రాసినంతమాత్రమున క్రింద నున్న సులభమైనది చేజారదు. "రానిదాన్ని ముందు పెడితే వచ్చేది కూడా పోతుందండీ" అను మాటను మేము ఏటేట వినుచున్నాము. అది వట్టి భయము. మనసులో నున్న క్రమమును ఉన్నదున్నట్లు వ్రాయుటయే ఇందు లాభకరము. లోకవ్యవహారములలో సత్యమునకు ఇంత అనుకూలమైన ఏర్పాటు అరుదు.

అమెరికాలో గేల్, షాప్లీ యను గణితశాస్త్రజ్ఞులిద్దరు 1962లో ఒక వ్యాసము ప్రకటించిరి. దాని పేరులోనే కళాశాలా ప్రవేశములును, వివాహముల స్థిరత్వమును జంటగా నున్నవి. తమకు దొరికినదానికంటె ఒకరినొకరు మిన్నగా కోరుకొను విద్యార్థియు కళాశాలయు మిగిలిపోకుండునట్లు పంపకము చేయుట యెట్లని వారి విచారము. షాప్లీకి 2012లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. ఇట్టి లెక్కలన్నియు ఒక్క నమ్మకముపై నిలిచియున్నవి: పట్టికలోని కోరిక, పట్టికపై పేరున్నవారిదే యని.

మన యూళ్లలో సడలుచున్నది ఈ నమ్మకమే. పట్టిక తెరచు రహస్యసంఖ్య వచ్చు ఫోను తండ్రిదో, నెట్ సెంటరు యజమానిదో యగును. ఫలితములు రాకమునుపే కళాశాలల పక్షమున తిరుగువారు ఇంటికి వచ్చి, పిల్లవాని మార్కులను మెచ్చుకొని, "కాగితాలు మా దగ్గర ఉంచండి, అన్నీ మేమే చూసుకుంటాం" అందురు. అసలు ధ్రువపత్రములు చేయిదాటిన పిదప ఎన్నిక యేమి మిగులును? తాడేపల్లిగూడెమున 2015లో స్థాపింపబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఎన్.ఐ.టి., మనకు బస్సుదూరములో నున్నది. దానికి జేఈఈ మెయిన్ అను వేరు పరీక్ష కలదనియు, అందలి సీట్లలో సగము స్వరాష్ట్రమువారికే యనియు ఇంటికి వచ్చినవారు చెప్పరు. వారికి ముట్టునది వేరొకచోటినుండి గదా!

పెద్దల పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. పదునేడేండ్ల వయసున తనకేమి కావలెనో ఎవరికి తెలియును? స్నేహితుడు చేరినచోట చేరుదునను బాలుడు, సినిమాలోని భవనమును చూచి ముచ్చటపడు బాలుడు మా తరగతులలోను గలరు. అప్పు చేయువాడు తండ్రి. దానిని మొక్కజొన్న పంటమీదనో, పామాయిలు గెలలమీదనో తీర్చవలసినవాడును తండ్రియే. ఇది నిజము. అయినను తండ్రికి గల అధికారము ఎల్లలు గీయుటకే గాని, ఎల్లల లోపలి క్రమమును వ్రాయుటకు గాదని మా యభిప్రాయము. "ఇంతకు మించి ఫీజు కట్టలేను" అని చెప్పుట ధర్మము. దానిని నోరు విప్పి, ముందుగానే చెప్పుట మరింత ధర్మము. చెప్పక దాచి, చివరి రాత్రి పట్టికను తానే మార్చుట మాత్రము, ప్రేమతో చేసినను, ఒకరి చేవ్రాలును మరియొకరు చేయుట వంటిది.

ఈ దారి చాల ముందే చీలునని కూడ మరువరాదు. పదవతరగతి కాగానే ఎం.పి.సి.లో చేరినవానికి వైద్యవిద్య తలుపు ఇంచుమించు మూతపడును. నూజివీడున 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ పదవతరగతి మార్కులను చూచియే ఆరేండ్ల చదువునకు తీసికొనును. పదునైదేండ్ల పిల్లను సైతము కూర్చుండబెట్టి మాటలాడవలసినదే.

ఆడపిల్ల విషయమున ఎల్లలు మరియొక రూపము దాల్చును. అన్నను విజయవాడ హాస్టలునకు పంపిన యింటివారే చెల్లెలి పట్టికలో సాయంత్రమునకు ఇల్లు చేరదగిన కళాశాలలను మాత్రమే వ్రాయింతురు. కారణమడిగినచో "పిల్లని దూరం పంపడం ఎందుకండీ, మాస్టారూ" అందురు. వీరేశలింగముగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. స్త్రీ జీవితమును నిర్ణయించునపుడు ఆమె యిష్టము నడుగవలెనను మాటను నేడు మనమందరము పైకి ఒప్పుకొందుము. పెండ్లిలో ఒప్పుకొన్న దానిని చదువులో ఒప్పుకొనకుండుట యెట్లు? భద్రత నిజమైన చింత యైనచో హాస్టలును చూచి రావలెను, అచ్చట చదువుచున్న పిల్లలతో మాటలాడవలెను. చూడకయే వద్దనుట భద్రతను గూర్చిన విచారము గాదు.

మా పాఠశాలలో చదివి పోయినవారు ఇంటర్మీడియటు పిదప సలహాకు వచ్చినపుడు మేము రెండు కాగితములిత్తుము. ఒకదానిపై తండ్రి తన శక్తినిగూర్చియు, భయములనుగూర్చియు వ్రాయవలెను; రెండవదానిపై విద్యార్థి తన క్రమమును స్వహస్తముతో వ్రాయవలెను. కంప్యూటరు వంతు ఆ తరువాతనే. గత వేసవిలో జీడిమామిడి తోట గల రైతు కుమార్తె యొకతె తన కాగితముపై మొదట వెంకటరామన్నగూడెము ఉద్యాన కళాశాలను వ్రాసినది. తండ్రి కాగితముపై "దూరం" అను నొక్కమాటయే యుండెను. ఆయన కూతురి కాగితమును రెండుమారులు చదివి, అచ్చట హాస్టలు ఖర్చెంత యగునని యడిగెను. మాకు వెంటనే తెలియలేదు. మరునాడు ముగ్గురమును బస్సెక్కి పోయి కనుగొంటిమి.