అందరూ వచ్చారా?

ధనుర్మాసం రాగానే తిరుమలలో సుప్రభాతం స్థానంలో తిరుప్పావై వినిపిస్తుంది. మన ఊళ్ల వైష్ణవాలయాల్లోనూ తెల్లవారకముందే రోజుకో పాశురం చొప్పున ముప్పై రోజులు సాగుతుంది. ఆ పాశురాల అమరికలో ఒక విశేషం ఉంది. గోదాదేవి చెలులతో కలిసి నందగోపుడి వాకిట నిలబడేది పదహారో పాశురంలో. అంతకుముందు ఆరు నుంచి పదిహేను దాకా పది పాశురాలూ ఇంకా నిద్ర లేవని చెలుల గడపల దగ్గరే గడిచిపోతాయి. కృష్ణుణ్ని చూడాలని ఉవ్విళ్లూరుతున్నవాళ్లు గ్రంథంలో మూడో వంతు ఇతరుల తలుపులు తట్టడానికే వెచ్చించారు. పదిహేనో పాశురం మొత్తం సంభాషణే. అందరూ వచ్చారా అని లోపలి అమ్మాయి అడుగుతుంది. వచ్చారు, బయటికొచ్చి నువ్వే లెక్కపెట్టుకో అంటారు బయటివాళ్లు. ఆ లెక్క తేలాకే అడుగు ముందుకు పడుతుంది. శీతకాలపు పండుగల వేళ మనసు బాగాలేక ఇంట్లోనే ఉండిపోయినవారి విషయంలో గుడి, చర్చి, కాలనీ సంఘం చేయవలసిన పని ఇదేనని నా వాదన. వాళ్ల వాకిలి దాకా వెళ్లాలి. పండుగ అయిపోయాక కూడా వెళ్లాలి.

సంప్రదాయం తెలిసినవారు వెంటనే అభ్యంతరం చెప్పవచ్చు. ఆ పదిమంది చెలులు ఆళ్వార్లకు సంకేతమని, వారి నిద్ర కృష్ణానుభవంలో మైమరపు అని వ్యాఖ్యాతలు వివరించారు. దాన్ని మనోవ్యాధితో పోల్చడం తప్పే, నేను పోల్చడం లేదు. నేను తీసుకుంటున్నది బయట నిలబడ్డవారి తీరు. వాళ్లు విసుక్కుంటారు, వేళాకోళమూ చేస్తారు. మీ అమ్మాయి మూగదా, చెవిటిదా అని ఒకచోట తల్లినే అడుగుతారు. కుంగిపోయినవారి ఇంటి ముందు ఆ ధోరణి పనికిరాదు. కానీ రాని మనిషిని వదిలేసి పోదామని మాత్రం పది వాకిళ్లలో ఒక్కచోట కూడా ఎవరూ అనరు.

పలకరిస్తే జబ్బు తగ్గుతుందా అని అడిగేవారికి ఒక పరిశోధన చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టిన ఈ అధ్యయనంలో చెన్నై, కొలంబో సహా ఐదు దేశాల్లోని ఐదు ప్రాంతాల నుంచి, ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం చేశారు. రెండో జట్టుతో దానికి అదనంగా ఒక గంట కూర్చుని మాట్లాడారు, తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికెళ్లో యోగక్షేమాలు కనుక్కున్నారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం మామూలు వైద్యమే అందిన జట్టులో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోగా, రెండో జట్టులో 0.2 శాతం. ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు అన్న ఆ మోతాదు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మన సేవా కార్యక్రమాలు చాలావరకు ఒక దుప్పటి, ఒక పులిహోర పొట్లం, ఒక ఫొటోతో ముగుస్తాయి. పలకరించినవారు శిక్షణ ఉన్నవారు కదా, మామూలు భక్తులకు చేతనవుతుందా అంటారేమో. జింబాబ్వే రాజధాని హరారేలో మనోవైద్యుడు డిక్సన్ చిబండా 2006లో పద్నాలుగు మంది పెద్దవయసు ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బల్లలు వేయించి కూర్చోబెట్టారు. 573 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత మామూలు సేవలు పొందినవారిలో సగం మందికి కుంగుబాటు లక్షణాలు మిగిలాయి, ఆ బల్లల మీద కూర్చుని గోడు చెప్పుకున్నవారిలో ఏడుగురిలో ఒకరికే మిగిలాయి. డాక్టరు అక్కర్లేదని దీని అర్థం కాదు. డాక్టరు దాకా వెళ్లలేనివారి దగ్గరికి, శిక్షణ ఇస్తే, మామూలు మనుషులూ వెళ్లగలరని అర్థం.

పండుగల్లో ఆత్మహత్యలు పెరుగుతాయన్న మాట తరచూ వింటుంటాం. దాన్ని నమ్మి ఈ పని తలకెత్తుకోనక్కర్లేదు. అమెరికా లెక్కల్లో తక్కువ ఆత్మహత్యలు నమోదయ్యే నెలల్లో డిసెంబరు ఒకటి. ఐరోపాలో చలికాలం కంటే ఎండాకాలంలోనే ఎక్కువని సామాజిక శాస్త్రవేత్త దుర్ఖైమ్ 1897లోనే చూపాడు. అయితే ఐరోపాలోని పలు కేంద్రాల్లో జరిగిన మరో అధ్యయనంలో ఆత్మహత్యాయత్నాలు పెద్ద పండుగలకు ముందు తగ్గి, తర్వాత పెరిగినట్టు తేలింది. నలుగురూ చుట్టూ ఉన్నప్పుడు ఆగిన దుఃఖం వాళ్లు వెళ్లాక బయటపడుతుందేమో. మన లెక్కలో అది ముక్కనుమ తర్వాతి వారం. పిల్లలు హైదరాబాద్ బస్సులెక్కాక, అమెరికా విమానమెక్కాక ముసలి తల్లిదండ్రులిద్దరే, చాలా ఇళ్లలో ఒక్కరే, మిగిలే వారం. అక్కడ అమెరికాలోనూ శీతకాలపు సెలవులకు విశ్వవిద్యాలయాలు మూతపడితే, వెళ్లడానికి ఇల్లు లేక గదిలోనే ఉండిపోయే తెలుగు విద్యార్థులుంటారు.

అసలు గట్టి అభ్యంతరం ఆధ్యాత్మిక వర్గాల నుంచే వస్తుంది. ఈ కుంగుబాటు పూర్వజన్మ కర్మ, దేవుణ్ని నమ్ముకుంటే మనసు అదే కుదుటపడుతుంది అంటారు. గీత ఈ మాటకు సాక్ష్యం చెప్పదు. మొదటి అధ్యాయం ముగిసేది అర్జునుడి విషాదంతోనే. కృష్ణుడు రెండో అధ్యాయం మొదట్లో అతణ్ని గద్దిస్తాడు, ఈ పిరికితనం నీకు తగదంటాడు. ఆ గద్దింపు ఫలించలేదు. అర్జునుడు తన బాధంతా మళ్లీ వెళ్లబోసుకుని, యుద్ధం చేయనని చెప్పి మౌనంగా ఉండిపోయాడు. బోధ ఆ తర్వాతే మొదలైంది. నీ కర్మ అని రథం దిగిపోయే అవకాశం కృష్ణుడికి ఉంది, ఆయన దిగలేదు. కుంగినవారితో ధైర్యంగా ఉండు, అందరికీ కష్టాలుంటాయి అని చెప్పి వచ్చేసేవారు ఆ రెండో అధ్యాయం మరోసారి చదవాలి.

భక్తి పేరుతో జరిగే హాని కూడా చిన్నది కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా స్వస్థతనిస్తుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన మనోరోగులు పాతిక మందికి పైగా మంటల్లో చనిపోయారు. గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అదే తమిళనాడులో ముత్తుస్వామి ఆలయంలో ఉన్న 31 మంది మనోరోగులను జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు పరిశీలించి, ప్రత్యేక పూజలేవీ చేయకున్నా వారి లక్షణాలు సుమారు 20 శాతం తగ్గాయని 2002లో ప్రకటించారు. భయపెట్టని, ఆదరించే వాతావరణమే అందుకు కారణమని వారి అభిప్రాయం. పోల్చడానికి మరో జట్టు లేని చిన్న పరిశీలన కనుక దాని మీద ఎక్కువ భారం వేయను. కానీ గుడికి ఏది చేతనవుతుందో అది చూపుతోంది.

ఇళ్లకు వెళ్తే కూపీ లాగినట్టవుతుందని, ఊరంతా పాకుతుందని కొందరు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే గుంపుగా కాక ఇద్దరే వెళ్లాలి, విన్నది అక్కడే వదిలేయాలి, ప్రార్థన చేయమని బలవంతపెట్టకూడదు, వ్రతం పేరుతో మాత్రలు మానిపించకూడదు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న అపోహను పరిశోధనలు బలపరచలేదు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంటింటికీ తిరగడం మనకు కొత్త కాదు. ధనుర్మాసమంతా హరిదాసు తిరుగుతాడు, డిసెంబరు రాత్రుల్లో చర్చిల క్యారల్స్ బృందాలు తిరుగుతాయి. ఈసారి ఎవరి తలుపు తెరుచుకోలేదో, ఎవరు గుడికి రావడం మానేశారో రాసిపెట్టుకోండి. ఆ చీటీని ఉగాది దాకా దాచి, నెలకు రెండుసార్లయినా ఆ ఇళ్లకు వెళ్లండి. గోదా కల్యాణం కరపత్రం మీదా, క్రిస్మస్ ఆరాధన ఆహ్వానం మీదా మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ ఫోన్ నంబరు 14416 అచ్చు వేయించండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.