ఎవరి పద్దున వ్రాయాలి?

యజమాని చెప్పిన పని గుమాస్తా చేశాడు. ఆ పనివల్ల మూడవవానికి అన్యాయం జరిగింది. కొంతకాలానికి ఆ గుమాస్తానే యజమాని కొలువు నుండి తొలగించాడు. ఇప్పుడా అన్యాయాన్ని ఎవరి పద్దున వ్రాయాలి? వర్తకమంత పాతదైన ఈ ప్రశ్న అమెరికాలోని ఆరోగ్య బీమా వ్యాపారంలో మరింత చిక్కుపడింది.

బియ్యం వర్తకుడు సొమ్ము పుచ్చుకొని అప్పుడే బియ్యం కొలిచి ఇస్తాడు. బీమా సంస్థ సొమ్ము నేడు పుచ్చుకొని, జబ్బు చేసిననాడు ఆదుకొంటానన్న మాట మాత్రమే ఇస్తుంది. కనుక కొలతలో మోసం ఉంటే అది బేరం నాడు కనబడదు. మనిషి మంచాన పడ్డనాడు గాని బయటపడదు.

కాలిఫోర్నియాలోని హెల్త్ నెట్ అనే సంస్థ సంగతి చూడండి. పాలసీదారుకు పెద్ద వైద్యఖర్చు వచ్చినప్పుడు పాత దరఖాస్తు బయటికి తీసి, అందులో తప్పులు వెదికి, పాలసీని మొదటినుండే రద్దు చేసేవారు. 2000 నుండి 2006 వరకు సుమారు 1,600 పాలసీలు ఇట్లా రద్దయినవనీ, అందువల్ల సంస్థకు 3 కోట్ల 55 లక్షల డాలర్లు మిగిలినవనీ 2007లో ఆ సంస్థ కాగితాల వల్లనే వెల్లడయింది. ఈ పని చూచే ఉద్యోగికి ఏటా ఇన్ని రద్దులని లక్ష్యం పెట్టారు. కొంతవరకు ఆ లక్ష్యాన్ని బట్టే లెక్కగట్టి, ఆ యేళ్లలో 20,000 డాలర్లకు పైగా బోనసు ఇచ్చారు. రొమ్ము క్యాన్సరుకు చికిత్స నడుస్తుండగా పాలసీ పోగొట్టుకొన్న ఒక స్త్రీకి 90 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని 2008 ఫిబ్రవరిలో మధ్యవర్తి తీర్పు చెప్పాడు. మోసమో, బుద్ధిపూర్వకమైన అబద్ధమో ఉంటే తప్ప ఇట్టి రద్దులు చేయరాదని 2010లో దేశమంతటికీ చట్టం వచ్చింది.

ఆ ఉద్యోగి, “నేను కాగితం మాత్రమే చూశాను” అనవచ్చు. పై అధికారి, “నిబంధన అది” అనవచ్చు. డైరెక్టర్లు, “వాటాదారులకు జవాబు చెప్పుకోవాలి గదా” అనవచ్చు. పదిమంది మోస్తే పల్లకి తేలిక. కాని పాపానికి ఆ సూత్రం వర్తించదు. ఎందరు పంచుకొన్నా రోగి బాధ వీసమైనా తగ్గదు.

రోగిని ఖర్చుగా చూచే కన్ను ఉద్యోగిని మాత్రం మనిషిగా చూస్తుందా? సిగ్నా అనే మరొక బీమా సంస్థ 2009 జనవరిలో సుమారు 1,100 మందిని తొలగిస్తామని ప్రకటించింది. ఆ సంస్థలోనే ప్రచార శాఖకు పెద్దగా ఉండి, 2008లో కొలువు మానుకొన్న వెండెల్ పాటర్, 2009 జూన్ 24న సెనేట్ కమిటీ ముందు నిలిచి, వాటాదారుల తృప్తికోసం బీమా సంస్థలు జబ్బుపడినవారిని ఎట్లా వదిలించుకొంటాయో సాక్ష్యం చెప్పాడు.

ఏళ్ల తరబడి చాకిరీ చేసి ఒక్క ఉత్తరంతో వీధిన పడ్డవాని ఆగ్రహం న్యాయమైనదే. అయితే తనకు దెబ్బ తగిలేవరకు రాని ఆగ్రహం సగం ఆగ్రహమే. తాను త్రోసివేసిన దరఖాస్తుల వెనుక కూడా ఇట్టి ఇళ్లే ఉన్నవని తలచినప్పుడే అది పూర్తి అవుతుంది.

అట్లని అందరూ పాటర్ వలె కొలువు వదలుకోవాలనడం సులభమే గాని న్యాయం కాదు. ఆ దేశంలో పనిచేసే వయసువారిలో ఎక్కువమందికి ఆరోగ్య బీమా వారి కొలువు ద్వారానే వస్తుంది. యజమానిని కాదంటే జీతంతోపాటు ఆలుబిడ్డల వైద్యానికీ ముప్పు. అంతటి భయం ముందుంచి చేయించిన పనిలో చేసినవానికి వాటా లేదనలేము. చేయించినవాని వాటా మాత్రం దానికి ఎన్నో రెట్లు.

వ్యాపారం మందగిస్తే మనుషులను తగ్గించుకోవలసి రావచ్చు. అది ఒక్కటే అధర్మం కాదు. ఒకరి నష్టంతో మరొకరి కూలిని ముడివేయడం అధర్మం. దుకాణంలో నలుగురిని పెట్టుకొన్న ప్రతి యజమానీ సంవత్సరాంతాన లెక్కలు ముగించేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: “నా గుమాస్తాకు నేను దేనికి బహుమానం ఇస్తున్నాను?” సరియైన తూకానికా, తక్కువ తూకానికా? ఆ జవాబును బట్టి, గుమాస్తా చేసిన పని యజమాని పద్దులోకే వస్తుంది. అతన్ని కొలువు నుండి తీసివేసినా ఆ పద్దు చెరగదు.