దేవుడి గూట్లో ఎవరెవరు?

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు అడిగేది, దేవుడి గది ఈశాన్యంలోనే ఉండాలా అని. కుదిరితే మంచిదే, కుదరకపోతే దిగులు పడక్కర్లేదు. కోనసీమ పాత పెంకుటిళ్లలో చాలావాటికి విడిగా పూజగదే ఉండేది కాదు. గోడలో ఒక గూడు, దాని అంచుకు పసుపు, కుంకుమ బొట్లు, పైభాగమంతా దీపం మసి. ఇద్దరు ముగ్గురు దేవుళ్లకు మించి అందులో పట్టరు. ఇప్పుడు చోటు పెరిగింది. పాలరాతి మందిరం కొంటాం, అది వెలితిగా కనిపిస్తుందని విగ్రహాలూ పటాలూ ఒక్కరోజే కొనేస్తాం. ఈ స్వామిని ఎందుకు తెచ్చుకున్నారని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేరు. నాకు మింగుడుపడనిది ఇదే.

పెద్దవాళ్లు ఎందుకో తెలిసే పెట్టుకునేవారు. వేదపండితులకు పేరుపడ్డ సీమ కదా, ఇక్కడి స్మార్తుల ఇళ్లలో పంచాయతన పూజ తరతరాలుగా వస్తోంది. దేవతార్చన పెట్టె తెరిస్తే ఐదు రాళ్లుంటాయి. వేటికీ కన్నూముక్కూ చెక్కి ఉండవు. విష్ణువుకు నేపాల్ గండకీ నదిలో దొరికే సాలగ్రామం, శివుడికి నర్మద బాణలింగం, గణపతికి శోణానది ఎర్రరాయి, అమ్మవారికి శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి రాయి, సూర్యుడికి స్ఫటికం. శివుణ్ణి ప్రధానంగా కొలిచే ఇంట్లో ఆయన మధ్యన ఉంటాడు. ఈశాన్యంలో విష్ణువు, ఆగ్నేయంలో సూర్యుడు, నైరుతిలో గణపతి, వాయవ్యంలో అంబిక. ఇంటి ఇష్టదైవం విష్ణువైతే ఆయన మధ్యకొస్తాడు, తక్కిన నలుగురూ చుట్టూ సర్దుకుంటారు. ఎవరినీ బయటికి పంపే పనిలేదు. ఈ పద్ధతిని నిలబెట్టింది ఆదిశంకరులని సంప్రదాయం.

సాలగ్రామం చూడ్డానికి చిన్నదే, చేతిలోకి తీసుకుంటే బరువు. నల్లగా, నున్నగా ఉంటుంది. రంధ్రం దగ్గర కన్నుపెట్టి చూస్తే లోపల చుట్టలు చుట్టుకున్న చక్రం గీతలు కనిపిస్తాయి. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన ప్రాణి గుల్ల అలా రాయిగా మారిందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. హిమాలయాలున్న చోట ఒకప్పుడు సముద్రం ఉండేదనడానికి సాక్ష్యం, అమలాపురంలో ఒక ఇంటి పీట మీద రోజూ బెల్లంముక్క నైవేద్యం అందుకుంటోందన్నమాట! సాలగ్రామానికి ప్రాణప్రతిష్ఠ అక్కర్లేదు, కానీ నిత్యపూజ తప్పకూడదంటారు. అందుకే ఊరెళ్లేటప్పుడు పెట్టెను వెంట తీసుకెళ్లేవారు, లేదంటే నియమం తెలిసిన బంధువులకు అప్పగించి వెళ్లేవారు. అంత పూచీ పడలేనివాళ్లు సాలగ్రామం జోలికి పోకపోవడమే మేలు. ఎవరో ఇచ్చారని తెచ్చి, వారానికోసారి దుమ్ము దులపడం పూజ కాదు.

అందరికీ పంచాయతనం అక్కర్లేదు కూడా. ఇంటికి రావడానికి ఒక కారణం ఉన్న వస్తువులు రెండున్నా చాలు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికెళ్లి తెచ్చుకున్న నరసింహస్వామి పటం ఉండొచ్చు. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు తీరిననాడు తెచ్చిన పటం ఉండొచ్చు. అయినవిల్లి సిద్ధివినాయకుడి సన్నిధిలో ఏటా కలాలు పూజించి విద్యార్థులకు పంచుతారు. పదో తరగతి పరీక్ష ఆ కలంతో రాసిన పిల్లాడు దాన్ని తెచ్చి గూట్లో పెట్టుకుంటే, సిరా అయిపోయిన ఆ కలానికి కొనుక్కొచ్చిన వెండి గణపతి కంటే నేను ఎక్కువ విలువిస్తాను. అమ్మమ్మ వాడిన సొట్టపడ్డ ఇత్తడి కుంది ఉంటే మెరిసే కొత్తది ఎందుకు? ఏ సామానూ లేకపోతే ఒక దీపం, ఒక చెంబుడు నీళ్లు, పెరట్లో పూసిన రెండు నందివర్ధనాలు. మందపల్లి వెళ్లి శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించే మనం ఆయన పటాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకోం. దేవుళ్లను ఎంచుకోవడం మనకు రాదని ఎవరంటారు?

ఎన్ని పెట్టుకోవాలన్నది శాస్త్రం కంటే ఓపిక తేల్చాల్సిన విషయం. ఉదయం ఆఫీసు హడావిడిలో ఎంతమందికి పువ్వు పెట్టగలరో అంతమందే ఉండాలి. పెద్దల ఫోటోలు దేవుడి వరసలో పెట్టరు, వాటికి వేరే గోడ ఉంది.

ఇక తీసేసిన పటాల సంగతి. ఏ ఊళ్లో చూసినా రావిచెట్టు మొదట్లో, కాలవగట్టు మీద అద్దం పగిలిన పటాలు, రంగు వెలిసిన విగ్రహాలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కోనసీమను పచ్చగా చేసినవి ఈ కాలవలే. వేసవిలో కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువులు నింపుకొనేదీ వీటితోనే. ఈ నీళ్లు తెచ్చాడని కాటన్ దొరను సంకల్పంలో తలుచుకున్న పండితులు ఈ సీమలో ఉండేవారని చెప్పుకుంటారు. ఆ నీళ్లలోకే గాజుపెంకులూ రసాయనాల రంగులూ వదులుతున్నాం. దయచేసి పటం విప్పి అద్దం, మేకులు వేరు చేయండి. చట్రం ఇంకో పటానికి పనికొస్తుంది. మట్టిబొమ్మను బకెట్ నీళ్లలో కరిగించి కొబ్బరిచెట్టు మొదట్లో పోయండి. కాలవలో మాత్రం వేయకండి.