దాచుకోవడమా? వాడుకోవడమా?

పెళ్ళినాటి పట్టుచీరని బీరువాలో దాచుకోని ఇల్లాలు ఉండదేమో! ఏడాదికోసారి బయటికి తీసి, నీడన ఆరేసి, మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టేస్తాం. “ఓసారి కట్టుకోవచ్చుగా?” అని ఎవరైనా అంటే, “అమ్మో, పాడైపోదూ!” అంటాం. మరి పాతవస్తువు మీద ప్రేమంటే, దాన్ని వాడకుండా ఉండటమేనా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు అమెరికాలోని లాక్‌హేవెన్ అనే చిన్న ఊరు గుర్తుకొస్తుంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో, సస్కెహానా నది ఒడ్డున ఉందది. 1937లో విలియం పైపర్ అనే ఆయన, వేరే ఊళ్ళో ఉన్న తన విమానాల ఫ్యాక్టరీ తగలబడిపోతే, ఇక్కడ మూతపడి ఉన్న పట్టుమిల్లులోకి మకాం మార్చాడు. పట్టు తయారైన చోటే విమానాలు తయారయ్యాయన్నమాట! పైపర్ కబ్ జె-3 అనే ఆ పసుపుపచ్చ విమానాలు 1947 దాకా దాదాపు 20,000 తయారయ్యాయి.

విమానమంటే మనం ఎక్కే పెద్ద విమానం అనుకునేరు! ఇందులో పట్టేది ఇద్దరే, అదీ ఒకరి వెనక ఒకరు. ఇనుపగొట్టాల చట్రం మీద గుడ్డ తొడుగు. రెక్కలకి ఆ గుడ్డని సూదీ దారంతోనే కుట్టాలి. పెట్రోలెంత ఉందో చెప్పేది టాంకు మూతలోంచి పైకి లేచిన ఓ తీగ. దాని అడుగున ఓ బెండు ఉంటుంది. బెండు దిగితే తీగా దిగుతుంది. ఇంజను స్టార్టు కావాలంటే, ప్రొపెల్లరుని చేత్తో తిప్పాల్సిందే.

ఆ ఊళ్ళో ఫ్యాక్టరీ 1984లో మూతపడింది. అయితేనేం? 1986 నుంచీ జూన్‌లో అక్కడ ఓ వేడుక మొదలైంది. పాత కబ్‌లున్నవాళ్ళు, గంటకి 120 కిలోమీటర్ల వేగంతో నింపాదిగా ఎగురుకుంటూ, పుట్టింటికొచ్చే ఆడపడుచుల్లా అక్కడికి చేరతారు. రెక్క కిందే గుడారం వేసుకుని పడుకుంటారు.

అక్కడే పైపర్ మ్యూజియం కూడా ఉంది. అందులో ఉన్న విమానానికి ఏ భయమూ లేదు. ఎగిరేదానికి మాత్రం ఏ రోజైనా ప్రమాదం రావచ్చు. పెద్దలనాటి వస్తువుని అలా పణంగా పెట్టే హక్కు మనకుందా? రేపటి పిల్లలకి ఏం మిగులుతుంది? ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు.

కానీ ఎగరకపోతే మాత్రం పదిలమా? నెలల తరబడి తిప్పని ఇంజనులో నూనె కిందికి జారిపోయి, చెమ్మకి తుప్పు పడుతుంది. మన జరీచీరా అంతే. కట్టకుండా దాచినా, మడతల దగ్గర చిరుగుతుంది. పైగా మ్యూజియంలో విమానం మిగులుతుందిగానీ, దాన్ని నడిపే విద్య మిగలదు. అది చేతుల్లోనే బతకాలి.

అలాగని వాడటమంటే తెగించడం కాదు. ఎగిరే ముందు ప్రతిసారీ చుట్టూ తిరిగి, రెక్కల్నీ చక్రాల్నీ తడిమి చూసుకోవాలి. గాలి బాగోకపోతే ఆగిపోవాలి. ఆ శ్రద్ధ ఉన్నవాళ్ళకే వాడుకునే హక్కు కూడా ఉంటుంది.

వస్తువుల సంగతి సరే, ఇంట్లో పెద్దవాళ్ళ మాటేమిటి? “మీకెందుకత్తయ్యా ఈ శ్రమ? కూర్చోండి” అంటూ బూరెల మూకుడు దగ్గర్నుంచి ఆవిణ్ణి లేపేస్తాం. ప్రేమతోనే సుమా! చెయ్యి వణికి నూనె చిందుతుందేమోనన్న భయమూ నిజమే. కానీ కుర్చీలో కూర్చోబెట్టిన ఆ మనిషికి, తనతో ఇంక పనిలేదన్న సంగతి రోజూ తెలుస్తూనే ఉంటుంది. ఆ తుప్పు మనకి కనిపించదు.

వచ్చే శ్రావణ శుక్రవారం పట్టుచీర కట్టుకోండి. బూరెలు అత్తగారినే వెయ్యనివ్వండి. మూకుడు మీరు దించండి, పక్కనే నిలబడండి. చీర మీద ఓ నూనె చుక్క పడితే పడనివ్వండి!